రెండుసార్లు వంగిన చెయ్యి

మూతిలోంచి మందు పోసి, గుండు కూరి కాల్చే పాతకాలపు తుపాకుల పోటీ. మనవరాలికి ఆఖరి గుండు మిగిలింది. నేను తాడు వెనక నిలబడి ఉన్నాను. మా ఇద్దరి మధ్య అంపైరు.

“కాల్చకు! తల్లీ, కాల్చకు, ఆ వేలు తియ్యి!”

“నానమ్మా! గురి చూస్తుంటే ఆ అరుపేంటి?”

“వేలు తియ్యి ముందు. తీశావా?”

“తీశాను. ఏమైంది?”

“పెద్దమ్మగారూ, తాడు దాటకండి. కాల్చేవాళ్ళతో మాట్లాడకూడదు.”

“నువ్వాగు అంపైరు బాబూ. దాని తుపాకిలో మందు రెండుసార్లు పడింది.”

“ఒక్కసారే పోశాను నానమ్మా.”

“రెండుసార్లు. ఆ ఇత్తడి కొలత పట్టుకుని నీ చెయ్యి రెండుసార్లు వంగింది. కళ్ళారా చూశాను.”

“నీ కంటికి ఆపరేషనై నెల కూడా కాలేదు.”

“అందుకేగా ఇంత బాగా కనిపిస్తోంది!”

“ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి. ఏమ్మా, కాలుస్తావా, దించుతావా? దించి చూస్తే మాత్రం ఈ గుండు లెక్కలోకి రాదు.”

“కాలుస్తాను సార్. ఇదొక్కటి తగిలితే జట్టులో చోటు నాదే.”

“మీ తాతా ఇలాగే అన్నాడు, కాలుస్తానని. గొట్టం పగిలి ఎడమచేతికి మూడు వేళ్ళు పోయాయి. తర్వాత చొక్కా గుండీలు కూడా నేనే పెట్టేదాన్ని.”

“తాతది మతిమరుపు. నువ్వే చెప్పేదానివి.”

“చెప్పాను. చెప్పాన్లే, అయితే ఏం? ఇప్పుడదంతా ఎందుకు? గుండు కూరే కడ్డీ దూర్చి చూడు.”

“ఏడాది కష్టపడ్డాను నానమ్మా.”

“వేళ్ళుంటే మళ్ళీ పడతావు.”

“…సార్, దించుతున్నాను.”

“ముందు ఆ నిప్పు పుట్టించే టోపీ తీసెయ్యమ్మా.”

“తీశాను సార్.”

“మూతికెదురుగా మొహం పెట్టకు తల్లీ! పక్కకి. ఇంకా పక్కకి. కడ్డీ మీద ఒక్క కొలతకి గీత గీసుకున్నావుగా, అది మూతి దగ్గరికి రావాలి. వచ్చిందా?”

“ఉండు, ఇంకోసారి దూర్చి చూస్తున్నాను.”

“వచ్చిందా లేదా?”

“రాలేదు. బొటనవేలంత పైనే ఆగిపోయింది.”

“ఏదీ, నన్ను చూడనీ అమ్మా. అవును, రెండు కొలతలే! పాత గొట్టం కూడాను. తుపాకి అక్కడే పెట్టి వెనక్కి రా. నీళ్ళు పోసి మందు తడిపి, గుండు మేం లాగేస్తాం.”

“నేనెప్పుడూ ఇలా చెయ్యలేదు సార్. కొలిచాను, పోశాను… ఎవరో పలకరించారు. ఊఁ అన్నాను. మళ్ళీ కొలిచానేమో.”

“మందు పోస్తుంటే పలకరించారా? ఎవరు? అది తేలితే నీకు గుండు మళ్ళీ ఇస్తాను, నియమం ఉంది. ఆ పలకరించినవాళ్ళని మాత్రం బయటికి పంపాలి.”

“చెవుల్లో దూది ఉంది సార్, గొంతు పోల్చుకోలేదు.”

“తేలకపోతే ఇవ్వలేనమ్మా.”

“నానమ్మా, నువ్వన్నీ చూస్తూనే ఉన్నావుగా. ఎవరు?”

“ఎండ మాడిపోతోంది, కాసేపు కూర్చో.”

“నానమ్మా!”

“ఎవరైతే ఏంటే? చెయ్యి దక్కింది.”

“చెయ్యి దక్కింది, గుండు పోతోంది! చూశావా లేదా?”

“ఒక్క నిమిషం ఉంది పెద్దమ్మగారూ. తెలిస్తే చెప్పండి.”

“…నేనే.”

“ఏంటి?”

“నేనే బాబూ. నువ్వు అటు తిరిగినప్పుడు, మంచినీళ్ళు తాగావా అని అడిగాను. నా నోరు ఊరుకోదు, పెదవి మీద పెదవి ఆనదు. రాసుకో. నన్ను పంపించెయ్యి, దాని గుండు దానికివ్వు.”

“మందు పోసేవాళ్ళతో మాట్లాడొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పేదే నువ్వు కదా!”

“చెప్తాను. చెప్తూనే ఉంటాను.”

“అంత గట్టిగా ఎందుకు చెప్పేదానివి? నానమ్మా, ఇటు చూడు. తాత వేళ్ళు పోయిన రోజు…”

“ఎవరో పలకరించారని ఆయనకి గుర్తుండేది, ఎవరో గుర్తొచ్చేది కాదు. పోయేదాకా నన్నే అడిగాడమ్మా, ఎవరై ఉంటారే అని.”