మీద సారుకు వినవడాలె

వచ్చినవా నరేందరన్నా? చాయ్ తాగొస్తనని పోయి ఎంతసేపాయె! నీ షాపుల నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయ్.

గా పెద్ద స్పీకర్ డబ్బాలే కావాలె. ఔ, గా మూలకున్నయే, గవే. ఇంట్ల ఉన్న చిన్న స్పీకర్లు ఇగ నడువయ్.

నవ్వకే అన్నా. నాకున్నది ఒక్కటే రూము, ఎరుకే. మోగాల్సింది నా రూముల గాదు. మీద మోగాలె. మా ఓనరు విష్ణువర్ధన్ సారు హాల్ల మోగాలె.

ఏమైందా? బాపు పోయిండని నీకు తెలుసు గని గీ సంగతి చెప్పలే.

ఆలేరుల ఎవలు సచ్చినా డప్పు కొట్టుకుంట ముంగట నడిచింది మా బాపే. పటేలు పోయినా, జీతగాడు పోయినా గదే దరువు. అసొంటి మనిషి దవాఖాన కోసం తార్నాక వచ్చి, నా రూముల పాణం ఇడిసిండు. ఊర్ల ఇల్లు కూలిపాయె, ఇగ సావు గీడ్నే జేద్దామన్నం. బాపు జోడీగాళ్లు పొద్దుగాల రైలుకే వచ్చిండ్రు. గేటు ముంగట గడ్డి మంట పెట్టి డప్పులు కాపుతున్నరు.

సారు బాల్కనీలకు వచ్చిండు. ఏమన్నడో తెలుసా?

"ఇది ఫ్యామిలీలు ఉండే ఏరియా బాబూ. ఆ గోల ఇక్కడ కుదరదు. పోలీసులకు ఫోన్ చెయ్యమంటావా?"

గోలంట!

బాపు జోడీగాడు ఇన్నయ్య కాక మంట మీద నీళ్లు గుమ్మరించిండు. డప్పు సంకల పెట్టుకొని బాపు ఎనుక ఉత్తగ నడిచిండు. అంబర్‌పేట శ్మశానం దాక ఒక్క దెబ్బ పడలే. ఊరందర్ని సాగనంపినోడు మూగగ పోయిండన్నా.

నేనేమన్ననా? ఏమంట! క్యాంపస్ మెస్సుల సాంబారు పోస్తప్పుడు "ఇంకొంచెం ఎయ్యాల్నా" అని అడగనీకే సిగ్గయితది నాకు. సారు ముంగట నోరు లేవలే. నోరు లేదనే గదా డబ్బాలు కొంటున్న.

బాపు కొట్టింది ఫోన్ల ఉన్నది, చిన్నమ్మ బిడ్డ పెండ్లిల తీసిన. హాస్టల్ల హేమంతన్న రూము ఖాళీ చేస్త నాకిచ్చిపోయిన స్టీరియోల పెట్టి చూసిన. రేకు మీద గులకరాళ్లు పడ్డట్టున్నది. గది బాపు చెయ్యి గాదు. మొన్న నువ్వు గీ డబ్బాలకు పెట్టి వినిపించినవ్ సూడు, గప్పుడు రొమ్ముల తాకింది. గట్లనే తాకాలె సారుకు.

ఐతారం ఐతారం సారు దోస్తులొస్తరు, అందరు రిటైరైన ప్రొఫెసర్లే. సారు పాటల సెట్టు ముంగట కండ్లు మూసుకొని కూసుంటరు. ఎవలన్న దగ్గినా సారు గుడ్లురుముతడంట! గప్పుడే పెడ్త. కింద నుంచి, ఫుల్లుగ. చాయ్ కప్పులు దునుకాలె. పోలీసులకు జేస్కోమను!

ఖాళీ చేపిస్తడా? చేపియ్యనీ. రామంతాపూర్‌ల రూములు లేవా?

కట్టన్నా, గట్ల సూస్తవేంది?

ఏంది? బాపుంటే ఏమంటుండెనా?

గది అడగకే.

ఆగు, ఆగు. ఇంక కట్టకు. ఒక్క మాట చెప్పు. గీ పెద్ద డబ్బాలు శాన మెల్లగ పెట్టినా దరువు మంచిగనే వినవడ్తదా? అంటే... నా ఒక్కనికే, మంచం కాడ కూసుంటె?

ఊకెనే అడిగిన. కోపం పోయిందనుకోకు. సచ్చేదాక మాఫ్ జెయ్య సారును.

గని ఆఖరు దినం పొద్దుగూకంగ మీద సారు పాట పెట్టిండు. బాపు కండ్లు తెరవలే. మంచం పట్టె మీద వేళ్లతోని తాళమేస్తున్నడు. నేను గిన్నెలు తోముతుంటి, జరంత సప్పుడైంది. గప్పుడొక్క మాట అన్నడు. గంతే, మళ్ల నోరు తెరవలే.

"గిన్నెలు మెల్లగ పెట్టు బిడ్డా, సారు పాట ఇంటున్నడు."