పగలగొట్టని కప్పు

ఒసే లీతా, ఆ కప్పు జోలికి పోకు. గవ్వలు దులుపు, కలుపు పీకు, అది మాత్రం ఉన్నచోటే ఉండనీ. ఆఁ, తెలుసులే, ఈ సమాధుల మీదున్న గిన్నెలూ సీసాలూ అన్నీ పగలగొట్టినవే. పోయినవాళ్ళు చివరగా వాడింది వాళ్ళ మీద పెట్టి పగలగొడితేనే కదా, ఇంకొకరు వాళ్ళ వెంట పోకుండా ఉండేది. మా బైనా అత్తది ఒక్కటే నిక్షేపంలా ఉంది. మరిచిపోయి కాదు. ఉండు, కాస్త కూలబడనీ.

బైనా అత్త మా నాన్నకి అక్క. నేను కాపురానికొచ్చినప్పుడు పక్క గుడిసే. వడ్లు దంచుతూ పాడేది, రోకలి ఆగినా పాట ఆగేది కాదు. ఆ చేత్తో వేయించిన చేప ఇప్పుడెవరు పెడతారు? సరే, కప్పు. అది చేసింది ఆవిడ మొగుడు సిపియో, వాగొడ్డు బంకమట్టితో. బొటనవేలు ఆనినచోట సొట్ట, అదుగో, కనబడుతోందా? వాళ్ళ కాపురం సరిగా కుదురుకోనేలేదు, మమ్మల్నందరినీ బానిసలుగా కొనుక్కున్న దొర కూతురికి పెళ్ళయింది. మంచాలూ, ఎడ్లూ, సిపియో, అన్నీ కలిపి మిసిసిపీకి సారె పంపేశారు. తర్వాత యుద్ధం. ఫిరంగి ఓడలు కనబడగానే దొరలు తింటున్న కంచాలు వదిలేసి పరుగో పరుగు. మాకు విడుదల దొరికింది, మనవాళ్ళు ఉత్తరాది సైన్యం నీలం కోట్లు తొడుక్కుని పోరాడ్డానికి పోయారు. మా అన్న తిరిగి రాలేదు. వాడితో పోయిన పడవవాడు ఐసమ్ వచ్చాడు, ఒక చెయ్యి అక్కడే వదిలేసి. ఒంటి చేత్తో తెడ్డేస్తే పడవ ఉన్నచోటే తిరుగుతుందని మేం వెక్కిరిస్తే, "నేనెక్కడికీ పోనని బైనాకి నమ్మకం కుదరొద్దూ" అనేవాడు. అంత మనసు ఆవిడ మీద. పాస్టరు కూడా చెప్పాడు, సిపియో ఇక రాడమ్మా, అతని తల్లి సమాధి మీద ఈ కప్పు పగలగొట్టు, అక్కడితో తెగుతుంది, ఐసమ్‌ని చేసుకో అని. పత్తి ఏరడం కాగానే అలాగే చేస్తానంది.

పత్తి ఇంకా చేలోనే ఉంది, సిపియో దిగాడు. వెనక ఒకావిడ, డోర్కస్, చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇద్దరు. బైనా చచ్చిపోయిందని అక్కడి దొర చెప్పాడట, దాంతో సిపియో ఈవిడతో జత కట్టాడట. తల్లి సమాధి చూసుకుందామని వచ్చినవాడికి గుమ్మంలో బైనా కనబడింది. నేను నీళ్ళబిందెతో అక్కడే ఉన్నాను.  అత్తే, "పిల్లలు ఆకలి మీదున్నారు, లోపలికి రండి" అంది. అన్నం పెట్టింది. ఆ కప్పులోనే నీళ్ళిచ్చింది. వాడి వేలు దానంతటదే పోయి ఆ సొట్టలో కూచుంది. తాగలేకపోయాడు పాపం. డోర్కస్ చూసింది. గ్రహించింది.

"నువ్వు ఊఁ అంటే పిల్లల్ని తీసుకుని నేను వెళ్ళిపోతానక్కా" అంది.

"నా దగ్గర్నించి నువ్వేం తీసుకున్నావమ్మా? తీసుకున్నవాళ్ళు వేరే" అంది అత్త.

పొద్దున్నే సిపియోతో సహా వాళ్ళందరినీ అవతలి ఒడ్డుకి దాటించింది ఎవరనుకున్నావ్? ఐసమే. పడవ ఒక్క చుట్టూ తిరగలేదు ఆవేళ.

ఇక పగలగొట్టేస్తుందనుకున్నాం. లేదు. బతికున్నవాడి కప్పు ఎలా పగలగొడతానంది. అది పగలగొట్టందే ఐసమ్‌ని చేసుకోనంది. ఐసమ్ కూడా మహా మొండోడు, ఏటేటా ఆవిడ గుడిసెకి కొత్త గడ్డి కప్పేవాడు, గడప దాటకుండా మెట్టు మీద కూచునే అన్నం తినేవాడు. నవ్వుకునేవాళ్ళు ఇద్దరూ. ఆ నవ్వులు నా గుడిసెలోకి వినబడేవి. పోయేరోజు కూడా అత్త అందులోనే నీళ్ళు తాగింది. అందుకని ఇక్కడ పెట్టాం. పగలగొట్టమని సుత్తి ఐసమ్ చేతికే ఇచ్చాం, ఇంకెవరికిస్తాం? ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడ్డాడు.

"సిపియో ఇంకా బతికే ఉన్నాడేమోరా" అని సుత్తి కింద పెట్టేశాడు.

...ఆ తెల్ల గవ్వ ఇటియ్యి. కాదు, పెద్దది. నీళ్ళు పోటెక్కుతున్నాయి, పద.