పది కరెంట్లు

1986. గుంటూరు నుంచి మాచర్ల వెళ్ళే బస్సులో వెనక సీటు. మద్రాసులో వైవా ముగించుకుని ఇంటికి వస్తున్న అంకమ్మరావు. గుంటూరులో అతని కోసం కాసుకుని ఎక్కిన జీనత్. ఇద్దరూ ఒకే లాబ్‌లో మెడికల్ ఫిజిక్స్ చదివారు.

"ఇంకోసారి చెప్పు. వైవాలో ఆ ముసలాయన ఏమడిగాడు?"

"'నీ లెక్క వల్ల రోగికి ఒరిగేదేంది' అన్నాడు జీనత్. ఇంగ్లీషులోనే అనుకో. ఇన్నేళ్ళు చదివి, అంత లావు థీసిస్ రాస్తే, ఆఖరికి అదీ ప్రశ్న!"

"నువ్వేమన్నావు?"

"ఊపిరితిత్తిలో ఉండేది గాలి కదండీ, కిరణం కండలో పోయినట్టు అందులో పోదు, ఇంకా ఎక్కువ దూసుకుపోద్ది, మామూలు లెక్క కడితే డోసు తప్పుద్ది, నా లెక్కలో తప్పదు అన్నా. ఊపిరితిత్తి బదులు రంపప్పొట్టు నింపిన బొమ్మ ఫోటోలు చూపిచ్చా. నవ్వాడు."

"నవ్వడా మరి. డాక్టరేటంతా పొట్టేగా."

"ఊపిరితిత్తికి అంతకంటే దగ్గరిదేముంది? అంతా మా అన్న పంపిన పొట్టే. నరసరావుపేటలో సామిల్లులన్నీ తిరిగి, జల్లెడ పట్టిచ్చి, క్వారీ లారీ మీదేసి పంపేవాడు. 'ఏం చదువురా ఇది, పొయ్యిలోకన్నా పనికొచ్చిద్దా' అనేవాడు. ఏంది, నవ్వవేంది?"

"నవ్వా."

"నవ్వలా. ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చినకాడి నుంచి నువ్వు మరీ ముసలమ్మవైపోయావు."

"లాబ్‌లో బొమ్మలు దగ్గేవి కాదుగా. ఫిరంగిపురం దాటిందా?"

"ఇప్పుడేగా దాటింది. ఎన్నిసార్లు అడుగుతావు? నువ్వు దిగేది మాచర్లలో కదా."

"నేనూ పేటలోనే దిగుతా."

"మా ఇంటికా? ముందే చెప్పొచ్చుగా! అన్న స్టాండుకొస్తాడు. వదిన కోణ్ణి కోయిస్తానని..."

"మీ అన్న వస్తాడనే. నువ్వాయన్ని చూసేలోపల..."

"చూసేలోపల?"

"నీళ్ళున్నాయా?"

"జీనత్."

"మీ అన్న నాచేత ఒట్టేయించుకున్నాడు. నీ వైవా అయ్యేదాకా చెప్పొద్దని. అయిపోయిందిగా."

"ఏం చెప్పొద్దని? దగ్గా? దగ్గు తెలుసు. క్వారీలో దుమ్ము మింగేవాడికి దగ్గు రాక..."

"దుమ్ము కాదు."

"అందరూ దుమ్మే అన్నారే."

"దగ్గితే రక్తం పడింది. వేసవిలో మా ఆస్పత్రికొచ్చాడు."

"మీ ఆస్పత్రికెందుకు... కోబాల్టుకా? కేన్సరుకి పెట్టే కరెంటుకే వచ్చాడా?"

"మిషను కింద ఎంతసేపు పడుకోబెట్టాలో లెక్క కట్టమని చీటీ నా బల్ల మీదికొచ్చింది. పేరు కొండలు, ఊరు నరసరావుపేట. మీ ఇంటిపేరు చూసి బయటికి ఉరికా. బెంచీ మీద కూర్చోనున్నాడు. 'మా అంకడితో చదివిన అమ్మాయివి కదమ్మా' అన్నాడు."

"ఎక్కడ?"

"కుడి ఊపిరితిత్తి."

"ఆగు. ఆగు జీనత్. ఏ లెక్క కట్టావు?"

"నీదే."

"నాదా?"

"మామూలు లెక్క తప్పుద్దని నువ్వేగా అన్నావు. నీ లెక్కతో కరెంటు పెట్టిన మొదటి మనిషి మీ అన్నే."

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది."

"రక్తం?"

"ఆగింది. అన్నం తింటున్నాడు. క్వారీకి కూడా పోతున్నాడంట."

"చూశావా! మరి ఆ మొహమేంది? నన్ను చంపావు కదే! ఇంకా నడుస్తున్నయ్యా సిట్టింగులు?"

"అయిపోయినయ్యి."

"అవున్లే, ముప్పై ఎప్పుడో అయిపోయుంటయ్యి."

"ముప్పై కాదు."

"ముప్పై ఐదా?"

"కాదు."

"ఎన్ని మరి? చెప్పవేం?"

"పది."

"పదా? మధ్యలో మిషను చెడిందా? మిగతావి ఎప్పుడు?"

"మిగతావి లేవు. డాక్టరు రాసిందే పది."

"తప్పు రాసుంటాడు. నువ్వు అడగలా? మా అన్న అని చెప్పలా?"

"చెప్పా. అడిగా. ఎక్స్‌రే చూపిచ్చాడు. వెన్నుపూసకి పాకింది కూడా చూపిచ్చాడు. ఇంక అడగలా."

"నయం చేద్దామనుకుంటే ముప్పై పెడతారు."

"అంకమ్మరావ్, వద్దు."

"పదంటే బాధ తగ్గిద్దామని. బతికిద్దామని కాదు. ఇదేగా మనం నేర్చుకుంది? మా అన్న రాళ్ళు కొట్టి నన్ను చదివిచ్చింది ఇందుకేగా? నువ్వు పది అనంగానే నాకు అర్థమయ్యేదానికేగా?"

"ఏడువు. ఎవరూ చూట్టంలే."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు. 'పది కరెంట్లేనంటమ్మా, చిన్న జబ్బే' అని ఎంత సంబరపడ్డాడో. డాక్టరు చెప్పలా. నేనూ చెప్పలా. నువ్వు చెప్పాలి."

"నేనెట్టా చెప్తా?"

"ఎంతకాలం ఉందో తెలిస్తే వదినకి, పిల్లలకి ఒక దారి చూసుకుంటాడు. ఆ కాస్త టైము కూడా మనం కాజెయ్యకూడదు. దాస్తే తప్పు అంకమ్మరావ్."

"తప్పైతే నువ్వెందుకు దాచావు?"

"ఆ మొహం చూశాక నా వల్ల కాలా."

"నా వల్ల అవుద్దా?"

"నువ్వు తమ్ముడివి. అవ్వాలి. అదుగో, స్టాండొచ్చింది."

"చెప్తా. దిగంగానే చెప్తా. ఇంటికి పోయాక వదిన ముందు నోరు రాదు."

"ఒరేయ్ అంకా! ఇటురా, ఇటు! పెట్టె నాకియ్యరా. ఇయ్యరా, నాకేమైందని! ఓ, జీనతమ్మ కూడా వచ్చిందే! అయితే చెప్పేసిందన్నమాట."

"చెప్పింది అన్నా."

"ఆ అమ్మిని కోప్పడమాక. నీ పరీక్ష చెడుద్దని నేనే ఒట్టేయించుకున్నా. పది కరెంట్లతో వదిలిపోయిందిరా! మీ వదినే నమ్మి చావదు. మరిది వచ్చి చెప్తేగాని పొయ్యి మీదకి మనసు పోదంట. నువ్వు చెప్పరా, నీ మాటైతే నాకూ గురి. పోయినట్టేనా?"

"అన్నా, అదీ..."

"ఏందిరా?"

"అదీ... పోయినట్టే అన్నా."

"అంకమ్మరావ్!"

"నువ్వుండు జీనత్. పోయిందన్నా. పూర్తిగా పోయింది."

"అద్గదీ! ఇంక నాకు దిగుల్లేదు. అయితే ఒక పని చేసిపెట్టు. ఆస్పత్రిలో నా పక్కన పిడుగురాళ్ళాయన కూర్చునేవాడు, యల్లమందని. నాకు పదైతే ఆయనకి ముప్పై రాశారురా, పాపం! వింటానే కూలబడ్డాడు. ఇంకా చిన్న పిల్లలు. రోజూ నేనే ధైర్యం చెప్పేవాణ్ణి. రేపు నువ్వూ నేనూ పోయి చూసొద్దాం. బతకడని నీకు తెలిసినా సరే, మనిషి మొహాన ఆ మాట మాత్రం అనమాక."