తండ్రి పేరు దగ్గర గీత

హలో… ఆ, నేనే.

ఆ, రెండుసార్లు చేసింది నేనేనమ్మా. పొరపాటున నొక్కుకోలేదు. నీ నంబరు చూసుకునే చేశాను…

ఒంట్లో బాగానే ఉంది. ఈ వయసుకి ఎంత బాగుండాలో అంత.

మావాడా? లేడు. ఎక్కడో కరెంటు స్తంభం ఒరిగిందట, పొద్దున్నే నిచ్చెన భుజానేసుకుని పోయాడు. నీకు చేస్తున్నట్టు వాడికి తెలియదు… తెలిస్తే ఏమంటాడో నాకూ తెలియదు.

ఎల్లుండి కోర్టు వాయిదా. గుర్తుంది. దాని గురించే చేశాను. నువ్వు కూర్చో. నిలబడి వినే మాట కాదు… నేను పని బల్ల మీద కూర్చున్నాలే. రంపం కింద పెట్టేశా.

తొందరపెట్టకు. నా సంగతి నీకు తెలుసు కదా. ఏడాదికి సరిపడా మాటలు ఇవాళ ఒక్కసారే ఖర్చుపెట్టాలి.

వరదొచ్చిన ఏడు…

అవునులే, నువ్వెలా మర్చిపోతావు. పిట్ట పుట్టింది అప్పుడే కదా. దాని వయసెంత అని ఎవరడిగినా నేను వరద నుంచే లెక్కపెడతా. వరదకి నాలుగేళ్లు, దానికీ నాలుగేళ్లు.

ఎవరు?… పక్కనే ఉందా? ఇప్పుడు వద్దులే… లాక్కుంటోందా. సరే, ఇవ్వు. ఒక్క నిమిషం.

ఏమే పిట్టా… ఆ, తాతనే… కుర్చీనా? అవుతోంది. రెండు కాళ్లయ్యాయి… రెండు కాళ్ల మీద ఎందుకు నిలబడదే? నువ్వు నిలబడట్లేదూ?… పడ్డావా. ఎక్కడ తగిలింది?… నాకు చూపిస్తే ఏం కనపడుతుంది, ఫోను కదా ఇది… ఆదివారం తెస్తాలే… నాన్న కూడా వస్తాడు… ఆ గదిలోనే… బొమ్మలు పాతవైతే ఏం చేస్తాం, అవి ఆ కోర్టు ఆఫీసువాళ్లవి… రెండు గంటలే… ఎందుకంటే… అమ్మకివ్వు. ఇవ్వు తల్లీ, తాతకి పనుంది.

…

అవతలికి పంపావా? తలుపు దగ్గరగా వెయ్యి.

విను. ఆసుపత్రి కింద అంతస్తులో మోకాళ్ల లోతు నీళ్లు. నిన్ను పైన వరండాలో పడుకోబెట్టారు. నీకు ఒంటి మీద తెలివి లేదు. వాడు ఏటికి అవతల ఉన్నాడు. వంతెన కొట్టుకుపోయింది, ఫోన్లు లేవు. తెగిన తీగలు లాగే పనిలో తొమ్మిది రోజులు అక్కడే ఇరుక్కుపోయాడు…

ఇరుక్కుపోయాడమ్మా. తప్పించుకోలేదు… సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. నేను చెప్పాల్సింది అది కాదు.

పుట్టినవాళ్ల పేర్లు రాసే గుమాస్తా మెట్ల మలుపులో బల్ల వేసుకున్నాడు. మెట్ల పొడుగునా మనుషులు. పుస్తకాలన్నీ చెమ్మెక్కి ఉన్నాయి. సిరాతో రాస్తే పాకిపోతోందని పెన్సిల్‌తో రాస్తున్నాడు. రేపు మధ్యాహ్నానికి ఆరతాయి, అప్పుడు వీటి మీద సిరా పెడతాను, ఈలోగా తప్పులుంటే వచ్చి దిద్దించుకోండి అని అందరికీ చెబుతున్నాడు… ఆ, పెన్సిలే. వడ్రంగి చెవి మీద ఎప్పుడూ ఉండేదే కదా, అందుకే నాకంత గుర్తు.

నా వంతు వచ్చింది. ఆడపిల్ల అని రాశాడు. నీ పేరు చెప్పా, రాశాడు. తండ్రి పేరు అన్నాడు…

ఉన్నానమ్మా. లైన్లోనే ఉన్నా.

నేను వెనక్కి తిరిగి చూశా. పెళ్లయిందా అని అడిగాడు. కాలేదన్నా. ఆయన మంచివాడే. కాకపోతేనేం, పేరు చెప్పండి రాస్తాను, ఆయనొచ్చాక సంతకం పెట్టిపోతాడు అన్నాడు. నేను కాసేపు ఆ పుస్తకం వంకే చూశా. తర్వాత…

తండ్రి లేడు, గీత కొట్టెయ్యండి. అలా అన్నాను.

…

హలో.

నేనే అన్నా. వాడు కాదు. తనకి పిల్ల పుట్టిందని కూడా వాడికి అప్పటికి తెలియదు.

వాడు చెప్పమంటే చెబుతున్నానా? వాడు నన్ను పంపాలంటే ముందు నాతో మాట్లాడాలి కదమ్మా. నిన్న వాడికీ చెప్పాను. కంచం ముందు కూర్చున్నాడు. మొత్తం విన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఇవాళ పొద్దున గుమ్మంలో నేనున్నా, గడప దాటినట్టే నన్నూ దాటుకుని పోయాడు.

నమ్మొద్దు. నా మాట మీద నమ్మొద్దు. నీ దగ్గరున్న కాగితంలో ఉండదు గానీ, ఆసుపత్రి పుస్తకంలో ఆ వరస చివర వివరం చెప్పినవాళ్ల సంతకం ఉంటుంది. అది నాది. మూడో తరగతి చదువు, వంకర టింకరగా ఉంటుంది. మీ లాయర్ని వెళ్లి చూసుకోమను.

…

ఆ, మొన్న వాయిదాకి నేనూ వచ్చా. వెనక బెంచీలో కూర్చున్నా. రక్తపరీక్షలో తండ్రి వాడేనని తేలింది కదా, ఇక ఇబ్బంది ఏముంటుందిలే అనుకున్నా. మీ లాయరు లేచి, పుట్టిననాడు పేరివ్వడానికి నామోషీ పడ్డ మనిషికి ఇవాళ వారంలో మూడు రోజులు పిల్ల కావాలట అన్నాడు. జడ్జిగారు వాడి వంక చూసి, దీనికి ఏమంటావు అని అడిగారు. వాడేమంటాడు? నీ వంక చూశాడు. నువ్వు వాడి వంక చూశావు. నువ్వు గీయించావని వాడు, వాడు గీయించాడని నువ్వు. గీయించినవాడు వెనక బెంచీలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు.

అవును. అప్పుడే లేచి చెప్పాల్సింది… అవును. అంతకుముందు కూడా చెప్పాల్సింది.

ఆ రోజు నాకూ గుర్తుంది. పిట్టకి ఎనిమిది నెలలు. నువ్వు మళ్లీ పనిలో చేరుతున్నావు, దాన్ని పగలు చూసుకునేచోట పుట్టిన కాగితం అడిగారని తెచ్చావు. అప్పటిదాకా మీలో ఒక్కరూ ఆ కాగితం మొహం చూడలేదు. ఎవరు గీయించారిది అన్నాడు వాడు. నన్నడుగుతావేం, నిన్ను నువ్వే అడుగు అన్నావు నువ్వు. అంతే. తోబుట్టువులు కూడా అంత ఒక్కలా ఉండరు, ఇద్దరూ ఇద్దరే మొండిఘటాలు. నేనూ ఆ గదిలోనే ఉన్నా. తలుపు చెక్క చిత్రిక పడుతున్నా… ఆపలేదు. పొట్టు రాలుతూనే ఉంది. వారం తిరక్కుండా నువ్వు పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయావు.

…

ఎందుకా? సిగ్గమ్మా. పెళ్లికాని పిల్లకి పుట్టిందంటే నలుగురూ ఏమంటారోనని.

…

అంతేనా అంటే… అంతే కాదు.

మెట్ల మీద నా వెనకాల కలప అడితి ఆయన నిలబడి ఉన్నాడు. వాళ్లింట్లో కూడా ఎవరికో పురుడొచ్చింది. ఆయన చెల్లెలి కూతురు ఒకతె ఉండేది. మావాడికి చేసుకోమని నెల కిందటే అడిగాడు. మీరిద్దరూ ఒకే గదిలో ఉంటున్నట్టు ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. ఆలోచించుకుని చెబుతానన్నా…

ఆ. నీకు అప్పుడు తొమ్మిదో నెల.

నా మనసులో ఏముందో అదే చెబుతున్నా, విను. నీళ్లు తీస్తాయి, నీ తరఫువాళ్లు వస్తారు, నిన్నూ పిల్లనీ తీసుకుపోతారు. కాగితంలో పేరు లేకపోతే వాడికేమీ అంటదు. పద్ధతిగా ఇంకో పెళ్లి చేస్తా. అలా అనుకున్నా. నువ్వు పోతావనుకున్నానమ్మా.

…

తిట్టు.

అలా ఊరుకోకు. ఊరుకోవడం నా పని, నీది కాదు.

ఆ సంబంధమా? నాలుగు నెలలు తిరక్కముందే ఆ పిల్లని ఇంకెవరికో ఇచ్చేశారు. నన్ను అడగను కూడా అడగలేదు.

…

గుర్తుంది. నన్ను ఏమని పిలవాలో తెలియక ‘ఇదిగో’ అనేదానివి. మా ఇంటికొచ్చిన కొత్తలో ఒక్కసారి మామయ్యా అన్నావు. మంచినీళ్ల చెంబు ఇస్తూ. నాకు వినబడింది. వినబడనట్టు తాగేశా.

…

ఏడవకు. పిల్ల వింటుంది.

లేదు, నేను ఏడవట్లేదు. పొట్టు పడింది కంట్లో.

…

మీ లాయరు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆ గీత వాడిదేనని నిలబడితే వారం మొత్తం నీదే అవుతుంది. వాడికి ఆ పాత బొమ్మల గదే, ఆ రెండు గంటలే మిగులుతాయి. నీ భయం నాకు తెలియకపోలేదు. మూడు రోజులిస్తే అవి ముప్పై అవుతాయని. నీ తరఫువాళ్లు రానే లేదు, పిల్ల తప్ప నీకు నావాళ్లు అన్నవాళ్లెవరూ లేరని… ఊఁ… ఊఁ… ఆ భయం నేను తీర్చలేను. వాడు మంచివాడు, పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు అని నేను పూచీ పడితే, నా పూచీ నువ్వేం చేసుకుంటావు? వాడికి జడ వెయ్యడం కూడా రాదు. ఆదివారాలు నా తాడు ముక్కల మీద నేర్చుకుంటున్నాడు, అంతవరకే నాకు తెలుసు. ఎవరి దగ్గర ఎన్నాళ్లుండాలో నేను చెప్పను. ఆ గీత మాత్రం వాడిది కాదు.

వద్దంటే ఎలాగమ్మా. ఎల్లుండి బోనెక్కుతాను. పేరు పిలవకపోయినా లేచి నిలబడతాను. నీకు ముందు చెప్పకుండా ఎక్కితే రెండోసారి వెన్నుపోటు పొడిచినట్టవుతుంది, అందుకే ఈ ఫోను.

మీ లాయరు నన్ను నానా మాటలూ అంటాడు. అననీ. ముసలాడు కొడుకు కోసం అబద్ధమాడుతున్నాడంటాడు. పుస్తకం తెప్పించండి అంటాను.

…

ఏమిటీ? సరిగా వినపడలేదు.

…

మర్నాడా.

అడుగుతావని తెలుసు. వాడైతే అది కూడా అడగలేదు. అడుగుతాడేమోనని నిన్నంతా చూశా.

అవును. గడువుంది. మధ్యాహ్నం దాకా పెన్సిలే. రబ్బరు పెట్టి ఒక్కసారి రుద్దితే పోయేది.

మర్నాడు పొద్దునకి వాన వెలిసింది, ఆసుపత్రి కింద నీళ్లు కూడా తీశాయి. నీ మంచం దగ్గరికొచ్చా. నువ్వు నిద్రలో ఉన్నావు, పిట్ట లేచి ఉంది. వేలు పెడితే పట్టుకుంది… అప్పుడే పుట్టినవి ఏది పెట్టినా పట్టుకుంటాయిలే. ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా కాసేపు అలాగే ఉంచా.

అక్కణ్ణుంచి మన కొట్టుకెళ్లా. మిట్ట మీద ఉంది కదా, అది మునగలేదు. తడవని పలకలు నాలుగు దొరికాయి. ఊయల మొదలుపెట్టా.

ఆ… ఆ ఊయలే. మీరు దాన్ని ఎనిమిది నెలలు ఊపారు.

మేకులు తక్కువయ్యాయి. కొనడానికి వెళ్లా. ఆసుపత్రి ముందు నుంచే దారి. గుమాస్తా పుస్తకాలన్నీ బయట మెట్ల మీద ఎండలో పరుచుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఏమైనా దిద్దాలా అన్నట్టు తలెత్తాడు. నేను మేకుల పొట్లం పైకెత్తి చూపించి వచ్చేశా.

తర్వాత బంక లేదని చూసుకున్నా. మళ్లీ వెళ్లా. మళ్లీ అదే దారి. తిరిగొచ్చేటప్పటికి ఆయన సిరా సీసా మూత తీస్తున్నాడు. మన పేర్లున్న పుట పైనే ఉంది. నాకు కనపడింది…

లేదమ్మా. ఆగలేదు. డబ్బా మూత సరిగా లేదు, చేతిలో బంక గట్టిపడిపోతుందని…

హలో.

అమ్మా… హలో.