రెండో మనిషి

కోర్టు వరండాలో జిరాక్సు మిషను పక్కనున్న బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. రేడియో రిపేరు కొట్టు నడుపుకునే ఆమె కొడుకు ఉగ్రవాద చట్టం కింద జైల్లో ఉన్నాడు. లాయరు నవ్వుతూ వచ్చాడు.

“అమ్మా, ఇవాళైనా కాస్త కునుకు తీయండి. రేపు మనవాడికి బెయిలొస్తుంది.”

“అన్నం తింటున్నాడో లేదో. కొట్టారేమో. ఆ ఎదురు కొట్టువాడి నోరు పడిపోను, వైర్లూ బ్యాటరీలూ చూసి బాంబులని పోలీసులకు చెప్పొచ్చాడు. వాణ్ణి నేనూ ఊరికే వదల్లేదు లెండి.”

“ఏం చేశారు?”

“పొద్దున్నే స్టేషనుకెళ్ళి వాడి పేరు చెప్పాను. రోజూ మావాడి కొట్టుకొచ్చేవాడని, ఇద్దరూ తలుపేసుకుని గుసగుసలాడేవాళ్ళని చెప్పాను. వాణ్ణి జీపెక్కిస్తుంటే, నేనే పట్టించానురా అని మా కొట్టు కిటికీలోంచి అరిచాను. వాళ్ళమ్మ ఏడుపు విన్నాక నా కడుపు చల్లబడింది.”

“ఇద్దరూ అన్నారా?”

“అలా అంటేనేగా నమ్మేది.”

“అమ్మా, దేశాలన్నీ ఒప్పందం రాసుకుని తెచ్చిన చట్టమిది, తేలిగ్గా వదలదు. మనవాడి మీద పెట్టింది ముఠా కేసు. ఒక్కడే ముఠా ఎలా అవుతాడని అడిగితే జడ్జిగారు కూడా తలూపారు. ఇప్పుడు రెండో మనిషిని మీరే తెచ్చిచ్చారు.”

“అబద్ధం చెప్పానని ఒప్పుకుంటాను.”

“కొడుకు కోసం మాట మార్చిందంటారు.”

ఆమె చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

“ఇద్దర్నీ ఒకే గదిలో పెడతారా బాబూ?”

“పెట్టొచ్చు. ఎందుకమ్మా?”

“తనని పట్టించింది నేనేనని వాడు మావాడికి చెప్పేస్తాడు.”