ఎడమవైపు స్టీరింగు

పరాయి దేశంలో, అద్దె కార్ల ఆఫీసు వెనక, కోడలు డిక్కీలో నీళ్ల క్యాన్లు సర్దుతోంది. నెలలు నిండిన ఆడపడుచు దగ్గరికి రెండు రోజుల ప్రయాణం. అత్తగారు చీటీ చూసి ఒక్కొక్కటే అడుగుతోంది.

"స్పేర్ టైరు?"

"గాలి చూశాను అత్తయ్యా. మూడు వందల కిలోమీటర్ల దాకా బంకు లేదట, ట్యాంకు నింపించాను."

"దారిలో ఫోను పనిచేయదన్నారు."

"మ్యాపు అచ్చు తీయించాను."

"అన్నీ సిద్ధమేగా, మరి సర్దిన క్యాన్లే మళ్లీ ఎందుకు సర్దుతున్నావు?"

కోడలు క్యాను కింద పెట్టేసింది.

"ఇక్కడ స్టీరింగు ఎడమవైపు. పైగా నేను కారు ముట్టుకుని మూడేళ్లయింది. మీకొకటి చెప్పకుండా నడపలేను అత్తయ్యా. మీ అబ్బాయి పోయిన రోజు కారు నడిపింది ఆయన కాదు, నేనే."

"తెలుసమ్మా. ఆసుపత్రిలో నీకు బట్టలు మార్చింది నేనేగా. బెల్టు ఒరుసుకుని నీ కుడి భుజం కమిలిపోయింది. మన కార్లలో పక్క సీట్లో కూర్చున్నవాళ్లకైతే ఎడమ భుజం కమలాలి."

"మరి ఇన్నాళ్లూ ఎందుకడగలేదు?"

"కొడుకు ఎలాగూ పోయాడు. అడిగితే నువ్వు కూడా నన్ను వదిలి వెళ్లిపోతావని భయపడ్డాను."

కోడలు కింద పెట్టిన క్యాను ఎత్తి లోపల పెట్టి, డిక్కీ మూసింది.

"ఎక్కు. నాకూ గుండె దడగానే ఉంది. మెల్లగా పోనియ్యి."