రెండో మనిషి గడి

చేపల శాఖ ఆఫీసు కిటికీలోంచి ముసలావిడ దరఖాస్తు లోపలికి తోసింది.

"అక్షరాలు వంకర, ఏమనుకోకు బాబూ. ఈ మధ్యే నేర్చుకున్నాను."

"అక్షరాలకేం, బాగానే ఉన్నాయి. కొత్త చట్టం ప్రకారం పడవకి ఇద్దరుండాలి పిన్నీ. రెండో మనిషి గడిలో బాబాయి పేరు రాశావేంటి? ఆయన పోయాడన్న కాగితం నువ్వే తెచ్చిచ్చావుగా!"

"పడవలో ఆయన చోట ఇంకెవరూ కూర్చోలేదు మరి."

"అక్క పేరో చెల్లెలి పేరో పెట్టు."

"ఉంటే పెట్టనా?"

"మరి వల రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారు?"

"గట్టున గుంజ పాతాను. దానికి కడతాను."

గుమస్తా నవ్వబోయి ఆగాడు.

"ఒక్కదానివే అయితే ఈ ఏడు వేటకి అనుమతి రాదు పిన్నీ."

"ఆయన పేరు కొట్టేస్తేనో?"

"కొట్టేసినా రాదు, ఉంచినా రాదు."

ఆమె ఆ గడి వైపు చూసింది.

"అయితే ఉండనీ బాబూ. కొట్టేస్తే నేనొక్కదాన్నే మిగులుతాను."